నీళ్లలో దిగిన వాచీ

భార్గవకి ఈ మధ్య కాలు నేల మీద ఆనడం లేదు. పాత డైవింగ్ వాచీ ఏది చేతికిచ్చినా, భూతద్దం కంటికి తగిలించుకుని, అందులో ఏ ముక్క కంపెనీదో, ఏది తర్వాత వేసిందో నిమిషంలో చెప్పేస్తున్నాడు. విశాఖ పాతబస్తీలో వాచీలు బాగుచేసే దస్తగిరి సాహెబ్ దగ్గర నాలుగేళ్లు నేర్చుకున్న విద్య అది. విద్యతోపాటు వినయమూ వస్తుందంటారు గానీ, కొందరికి అది తర్వాతి బండికి వస్తుంది.

ఒక ఉదయం పోలారావు అనే ముసలాయన దుకాణానికి వచ్చాడు. ముప్పై ఏళ్లు హార్బరులో ఓడల అడుగున మునిగి పనిచేసిన మనిషి. రుమాలు విప్పి, ఒక వాచీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా మనవరాలు కూడా నీటిలో దిగే పన్లోకే ఎల్తంది బాబూ. దానికిద్దామని. మంచిదో కాదో ఓపాలి సూడండి."

సాహెబ్ మూలన తన పనిలో ఉన్నాడు. భార్గవే వాచీ అందుకుని ఏకరువు పెట్టాడు.

"ముళ్లు దీనివి కావు. అద్దం మార్చారు. కీ ఇంకో వాచీది. పేరొక్కటే పాతది పెద్దాయనా. పాత వాచీలు సేకరించేవాళ్లెవరూ దీన్ని ముట్టుకోరు."

"అయితే పిల్లకి ఇయ్యకూడదేటి?"

భార్గవ తన మణికట్టు ముందుకు చాపాడు. అదే కంపెనీ, అదే రకం వాచీ.

"ఇదీ అసలు సరుకంటే! యాభై ఏళ్లుగా ఒక్క స్క్రూ విప్పలేదు. నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు వాషరుతో సహా అన్నీ పుట్టినప్పటివే."

పోలారావు ముఖం చిన్నబోయింది. వాచీని మళ్లీ రుమాల్లో చుట్టుకోసాగాడు. ఆ చేతులు చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. భార్గవ చూడలేదు, తన వాచీనే చూసుకుంటున్నాడు.

సాహెబ్ లేచి వచ్చాడు.

"ఆ కీ ఎందుకు మార్చారు?" అని ముసలాయన్ని అడిగాడు.

"లంగరు గొలుసు తగిలి ఇరిగిపోనాది బాబూ. అద్దం ఓడకి కొట్టుకుని పగిలింది. పోయినప్పుడల్లా ఏయించుకుని మళ్లీ దిగేవోణ్ణి. వాషరైతే ఏడాదికోపాలి."

"ఇప్పుడు కూడానా?"

"అలవాటైపోనాది. కిందటి నెల్లోనే మార్పించినాను."

సాహెబ్ గాజు గిన్నెలో నిండా నీళ్లు పోశాడు. వాచీ అడిగి తీసుకుని, కీ బిగించి, నీళ్లలో వదిలాడు. అది అడుక్కి చేరింది. సెకన్ల ముల్లు తన దారిన తను తిరుగుతూనే ఉంది. చాలాసేపు ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అద్దం లోపల ఆవిరి కూడా పట్టలేదు.

అప్పుడు సాహెబ్ భార్గవ వైపు అరచెయ్యి చాపాడు.

"నీదీ ఇవ్వు బేటా."

భార్గవ రెండో చెయ్యి దానంతటదే వచ్చి మణికట్టుని మూసేసింది.

"వద్దు ఉస్తాద్! నీళ్లలో వేస్తే పాడైపోతుంది."

అన్నాక ఆ మాట తన చెవినే పడింది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. సాహెబ్ వెళ్లి మూలన కూర్చుని మళ్లీ పని అందుకున్నాడు.

భార్గవ గిన్నెలో చెయ్యి పెట్టి వాచీని తీశాడు. తన చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులా ముసలాయనకి అందించాడు.

"వచ్చే ఏడు వాషరు మార్చడానికి అమ్మాయిని నా దగ్గరికే పంపండి, తాతగారూ."