తడక మీద బరువు

గోదావరి లంకలో సైన్సూ శాస్త్రమూ కలిపి చెప్పే దక్షిణామూర్తిగారికి ఒక అలవాటుండేది. శిష్యులు తెలియక అడిగితే విప్పి చెప్పేవారు. తెలిసి అడిగితే మాత్రం జవాబు చెప్పరు, పని చెప్తారు. ఆ సంగతి తానే మరిచాడో, ఈర్ష్య మరిపించిందో గానీ, చయనులు అనే శిష్యుడు ఒకనాటి ఉదయం అందరి ముందూ లేచాడు. "గురువుగారూ, బలానికీ పీడనానికీ తేడా ఏమిటి? మన గవర్రాజు చెబితే వినాలని ఉంది" అన్నాడు.

తేడా చయనులుకు కంఠతా వచ్చు. వచ్చు గనకే అడిగాడు. అవతలి ఒడ్డున కొత్తగా పెట్టిన బడిలో పాఠాలు చెప్పడానికి మర్నాడు ఒకరు వెళ్ళాలి. ఆ ఒకరు తన తోటి శిష్యుడు గవర్రాజేనని గురువుగారు అప్పటికే చెప్పేశారు. అది విన్నప్పట్నుంచి చయనులుకు అన్నం సహించలేదు. గవర్రాజు నవ్వితే మంట, పిల్లలు వాడి వెనక పడితే మంట, ఆఖరికి వాడు మారువడ్డన అడిగినా మంటే. లావుపాటి మనిషి, మాట నిదానం, సూత్రం అడిగితే తల గోక్కుంటాడు. అలాంటివాడికి బడా! తన పేరేమయింది? ఓర్వలేనితనానికి మందు లేదంటారు. నన్నడిగితే దానికి సిగ్గు కూడా లేదు.

అనుకున్నట్టే గవర్రాజు తల గోక్కున్నాడు. గురువుగారు వాడి వైపు చూడలేదు. "వరద తీసింది. మన పడవ ఒండ్రుకు అవతల ఆగిపోయింది. ఇద్దరూ వెళ్ళి దాన్ని నీళ్ళలోకి తోసి రండి" అన్నారు.

ఒండ్రు అంటే వరద పోతూ పోతూ వదిలిన మెత్తటి బురద. పైకి ఆరినట్టే ఉంటుంది, కాలు పెడితే మింగుతుంది. గవర్రాజు పశువుల పాకకు ఆనించిన వెదురు తడకలు నాలుగు లాక్కొచ్చాడు. ఒకటి పరిచి, దానిమీద నిలబడి, రెండోది ముందుకు వేసుకుంటూ పోవడం ఆ లంకవాళ్ళ పద్ధతి. "ఈ రెండూ నీవిరా" అని అందించాడు.

"నీలాంటి బస్తాకి కావాలి తడకలు. నేను తేలికవాణ్ణి" అని చయనులు పంచె ఎగ్గట్టి దిగాడు. అవే తడకలు ఇంకెవరిచ్చినా తీసుకునేవాడే.

సగం దూరం పోకుండానే మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఒక కాలు లాగబోతే ఒంటి బరువంతా రెండో కాలి మీద పడి, అది తొడ దాకా పోయింది. "ఓరి నాయనో!" అని కేక పెట్టాడు. అంత మనిషీ గవర్రాజు తడకల మీద కిర్రుకిర్రుమంటూ నడిచొచ్చాడు. వద్దన్న రెండు తడకలూ చంకలోనే ఉన్నాయి. వాటిని బురద మీద పరిచి, "ఒరేయ్, గింజుకోకు. వీటిమీద బోర్లా పడుకో. ఒళ్ళంతా పరిచెయ్" అన్నాడు.

పంతం ఎంతుంటే మాత్రం, ప్రాణం కంటే ఎక్కువా? చయనులు ఆ తడకల మీదే పొట్ట ఆనించి, పాక్కుంటూ ఒడ్డున పడ్డాడు. గవర్రాజు తన తడకల మీద పడవ దాకా వెళ్ళి దాన్ని తోయసాగాడు.

గురువుగారే చెంబుతో నీళ్ళు పోసి చయనులు కాళ్ళు కడిగించారు. "ఇద్దరిలో ఎవరు బరువు?"

"వాడే."

"మరి బురద నిన్నెందుకు పట్టింది?"

చయనులు ఈసారి సూత్రం అప్పజెప్పలేదు. "వాడి బరువు తడకంతా పరుచుకుంది. నాది పాదమంత చోటే పడింది" అన్నాడు తల వంచుకుని. ఆపైన ఎవరూ అడక్కుండానే అన్నాడు: "గురువుగారూ, వాడంటే నాకు పగేం లేదు. కాస్త ఈర్ష్య. అంతే."

గురువుగారు ఖాళీ చెంబు బోర్లించారు. "కాస్తే నాయనా" అన్నారు. "కానీ అంతా ఒక్కడి మీదే మోపావు."