మీటరుకు పసుపు పూసిన మంగతాయారు కథ

ఒకనాడు తపోవనమున కౌండిన్యముని మైత్రేయ మహర్షికి నమస్కరించి, మహాత్మా, కరెంటు ఛార్జీలు నానాటికి పెరుగు ఈ కలియుగమున ఇల్లాండ్రు బిల్లు చూచి మూర్ఛపోవుచున్నారు, వారు తరించు దారి యేది అని అడిగెను. మైత్రేయుడు ఉలిక్కిపడి కన్నులు తెరచి, నాయనా, దానికి విద్యుద్దేవి వ్రతమొక్కటే గతి, కునుకు తీయక వినుమని ఇట్లు చెప్పెను.

అమృతపురమను పట్టణమున మంగతాయారు అను ఇల్లాలు కలదు. ఇంట పెద్ద గ్రైండరు పెట్టి, ఇడ్లీపిండి రుబ్బి అమ్మి, ఆ సంపాదనతోనే సంసారము నెట్టుకొని వచ్చుచుండెను. భర్త కోదండరామయ్య టీవీ పెట్టుకొని దాని ఎదుట గుర్రుపెట్టు మహానుభావుడు. ఆ ఇంట మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగును. స్నానములు ముగిసినను గీజరు కాగుచుండును. తలుపులు బార్లా తెరచియుండగనే ఏసీ ఆడును. ఒక్కరును స్విచ్చు కట్టివేసిన పాపమున పోలేదు.

అంతలో రేట్లు పెరిగెను, బిల్లు వచ్చెను. మంగతాయారు దానిని చూచి, గుండె గుభేలుమనగా, నోట మాట రాక, ఉన్నచోటనే చతికిలబడెను. తేరుకొని, "ఓరి నాయనో! ఇదేం బిల్లండీ? మనమేమన్నా సినిమా హాలు నడుపుతున్నామా?" అని గగ్గోలు పెట్టెను. భర్త కన్ను తెరువకనే, "మీటరుకేదో దోషం తగిలుంటుంది, శాంతి చేయించు" అనెను.

ఆ వెర్రి ఇల్లాలు ఆ మాట నమ్మెను! శుక్రవారము తలంటుకొని, మీటరు అద్దమునకు మందముగా పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, హారతి ఇచ్చెను. రీడింగు తీయువాడు వచ్చి, అంకె కనబడక, అమ్మవారిని చెరుపుటకు భయపడి, అంచనా బిల్లు చేతిలో పెట్టి పోయెను. బిల్లు తగ్గెను. అమ్మ కరుణించెనని మురిసి ఆమె ప్రతి శుక్రవారము పసుపు మీద పసుపు పూయుచుండగా, ఇంటిల్లిపాదియు మరింత విచ్చలవిడిగా స్విచ్చులు వేసిరి.

వేసవిలో రీడింగునకు కొత్తవాడు వచ్చి, తడిగుడ్డతో అద్దము తుడిచెను. దాగిన యూనిట్లన్నియు ఒక్కసారి బయటపడి, యూనిట్టుకు ఎక్కువ రేటు పడు పై శ్లాబునకెక్కెను. ఆ బిల్లు చూచి మంగతాయారు, గుండె గుభేలుమనగా, నోట మాట రాక, ఉన్నచోటనే చతికిలబడెను. గడువు దాటగా లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకెను. గ్రైండరు ఆగెను. నానిన పప్పు నానినట్లే పాడయ్యెను. వాడుకవారు గిన్నెలతో వచ్చి పక్కవీధికి మరలిరి. ఆమె మరల మీటరుకు పసుపు పూసి, "నా పొట్ట కొట్టావు కదే తల్లీ! ఇంత కొలిచినందుకు ఇదా నీ న్యాయం?" అని గుండెలు బాదుకొనెను.

అప్పుడు విద్యుద్దేవి ముత్తైదువ రూపమున పిండికి వచ్చి, మీటరును చూచి బుగ్గలు నొక్కుకొనెను. "ఓసి పిచ్చిదానా! పసుపు గడపకి రాయి. నా కళ్ళకి గంతలు కట్టి నన్నే దీవించమంటావా? ఆ అద్దం తుడువు, అంకె చూడు, ఇంట్లో అందరికీ వినబడేలా చదువు" అని పలికి అదృశ్యమయ్యెను.

మంగతాయారు గాజులు కుదువపెట్టి బాకీ కట్టెను. లైన్‌మన్ ఫ్యూజు పెట్టెను. పెట్టుటే తడవు, ఇల్లంతయు ఒక్కసారి హోరుమనెను! కరెంటు పోయిన నాడు ఎవ్వరును ఏ స్విచ్చును కట్టలేదు కదా! ఎవరును లేని గదులలో ఫ్యాన్లు గిరగిర తిరిగెను, ఏసీ బుసకొట్టెను, గీజరు ఎర్రలైటు వెలిగెను, టీవీ అరచెను, ఖాళీ గ్రైండరు గడగడలాడెను. మంగతాయారు, గుండె గుభేలుమనగా, నోట మాట రాక, ఉన్నచోటనే చతికిలబడెను. "అయ్యో అయ్యో! ఇన్నాళ్ళూ ఇదంతా నడుస్తూనే ఉందా?" అని లేచి, గదిగదికి పోయి ఒక్కొక్కటే కట్టెను. కోదండరామయ్య సిగ్గుపడి, తన టీవీ తానే కట్టెను.

నాటినుండి శుక్రవారము శుక్రవారము అద్దము తుడిచి, అంకె పైకి చదివి, గడువులోగా బిల్లు కట్టుచుండిరి. వాడుకవారు తిరిగి వచ్చిరి, గాజులు చేతికి చేరెను.

కావున అద్దె ఇంటివారు, సొంత ఇంటివారు, గ్రైండరు, కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకువారు, ఏసీ కొనదలచినవారు తప్పక ఈ వ్రతమాచరింపవలెను. ఆచరించినవారి ఫ్యూజు పదిలముగా నుండును, ఆలుమగల పోరు తగ్గును. ఈ కథ వినుచు తమ ఇంట ఏ గదిలో ఫ్యాను తిరుగుచున్నదో తలచుకొని ఉలిక్కిపడినవారు ప్రసాదము పిదప పుచ్చుకొనవచ్చును, ముందు పరుగున పోయి దానిని కట్టి రావలెను.