గొడుగు వంచడం

ఒకానొక రాజ్యం, పేరు కుంతలగిరి. దాన్ని ఏలే ప్రతాపకేసరికి ప్రతాపం తక్కువ, గొడుగు పెద్దది. పడకగదిలోకి వెళ్ళినా ఆయన నెత్తిన తెల్లగొడుగు ఉండాల్సిందే.

ఒకనాడు రాజు అంగడివీధిలో వెళుతుంటే, కూరగాయలమ్మే ఆవిడ పక్కావిడతో అంటోంది: "మా కోడలు నేనేం చెప్పినా తల ఊపుతుంది. చేసేది మాత్రం తనకు తోచిందే. నాకే గొడుగు వంచుతోందమ్మా!"

రాజుకు ఒళ్ళు మండింది. పెద్దల మాట పక్కన పెట్టడానికి తన గొడుగు పేరా? సభలోకి రాగానే గర్జించాడు.

"ఈ మాట ఎక్కడ పుట్టింది? దాని అర్థమేమిటి? ఇవాళ తేలకపోతే, గొడుగు పట్టే పోలయ్యకు దేశబహిష్కారం!"

పాపం, పోలయ్యది పెద్ద సంసారం. ఇంటినిండా పిల్లలు.

ఆస్థాన పండితుడు శాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు. "ప్రభూ, ఇది రాజద్రోహుల మాట. శత్రుదేశంలో పుట్టి, మిరియాల బస్తాల్లో దాక్కుని మన రాజ్యానికి వచ్చింది."

"బస్తాలు విప్పి చూశారా శాస్త్రిగారూ?" అంటూ విదూషకుడు తిప్పన్న లేచాడు. "ప్రభూ, దీని పుట్టుక చెబితే తెలిసేది కాదు, చూడాలి. పొద్దు వాలాక పెరట్లోకి దయచేయండి. సంగతి తేలేవరకు పోలయ్య గొడుగు వంచకూడదని ఆజ్ఞ వేయండి."

"వంచితే దేశం విడవాల్సిందే!" అన్నాడు రాజు.

వాలు ఎండలో రాజు నిలబడ్డాడు. పోలయ్య గొడుగును నిటారుగా పట్టాడు. నీడ వెళ్ళి హాయిగా వెనక నిలబడ్డ శాస్త్రిగారి మీద పడింది. ఎండంతా రాజు మీద పడింది. తిప్పన్న తీరిగ్గా రాజుగారి ముత్తాతల కీర్తి ఎత్తుకున్నాడు. వాళ్ళ పెళ్ళిళ్ళ దగ్గరికి వచ్చేసరికి రాజు నుదుటి గంధం కరిగి మీసాల్లోకి దిగింది.

"ఒరే పోలయ్యా, గొడుగు వంచరా!"

"వంచొద్దని తమ ఆజ్ఞ కదండీ ప్రభూ!"

"ఆజ్ఞ గంగలో కలవనీ! మాడిపోతున్నాను, వంచు!"

తిప్పన్న చేతులు జోడించాడు. "అదుగో, పుట్టింది ప్రభూ! ఏలినవారి నోటనే పుట్టింది. అర్థం కూడా తమరే సెలవిచ్చారు. ఆజ్ఞ గంగలో కలిసినా సరే, ఏలినవారు మాడకూడదు."

రాజు చెమట తుడుచుకుంటూ పోలయ్యను అనుమానంగా చూశాడు. "ఇన్నేళ్ళలో వీడు నా మాట పక్కన పెట్టి ఎన్నిసార్లు వంచి ఉంటాడు?"

"తమకు ఒక్కసారైనా వడదెబ్బ తగిలిందా ప్రభూ?" అన్నాడు తిప్పన్న.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వేలి ఉంగరం తీసి తిప్పన్నకిచ్చి, పోలయ్య భుజం తట్టాడు.

"ఇకనుంచి నీకు తోచినట్టే పట్టరా!"