పందికొక్కు గీకిన గోడ

కాలవ గట్టు పొడవునా బొరియలే. పందికొక్కులు, ముంగిసలు, ఎండ్రకాయలు, ఎవరి గుమ్మం వాళ్లది. గట్టు మీద ఒకరినొకరు తినకూడదని కట్టుబాటు. సభ జరిగే రోజున దాన్ని అందరూ పాటిస్తారు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఇంట్లో పిల్ల పుట్టిన పదో రోజున దాని కాలు తడి బంకమట్టి గోడకు అద్దాలి. ఎప్పుడైనా తగువొస్తే ఆ ముద్రలే పట్టా. ముద్రలు లేవని సభలో తేలితే ఆ బొరియ ఎవరిదీ కాదు, ఆపైన ముందు దూరినవాడిది.

ఆ ఏడు సభపెద్ద తాబేలు తాతకి కొత్త ఆలోచన వచ్చింది. మూడు తరాల ముద్రలున్న పాత బొరియలన్నిటినీ ఒక జాబితాకెక్కించాలట. జాబితాకెక్కిన ఇంట్లో సభకి చెప్పకుండా పిడికెడు మట్టి తీయకూడదు, పిడికెడు మట్టి పెట్టకూడదు.

జాబితాలో మొదటి పేరు పందికొక్కు బొర్రన్నది.

ఆ బెంగతో బొర్రన్న తిండి మానేశాడని గట్టంతా చెప్పుకున్నారు. రెండు పూటలు కాస్త తగ్గించిన మాట మాత్రం నిజం. మూడో పూట నక్క లింగరాజు పరామర్శకి వచ్చాడు.

"చూడు లింగరాజూ, ముంగిస మూడు గుమ్మాల ఇల్లు తవ్వుకుంది. నేను రెండో గుమ్మం పెట్టుకుందామంటే తాత అడ్డం పడ్డాడు. వానొస్తే కప్పు కారి తడిసేది నేనూ, మా పోలమ్మత్తా. ఆయనేమో ఏడాదికోసారి వచ్చి, ఆహా ఎంత చల్లగా ఉందో అని వెళ్లిపోతాడు. ఆయన ఇల్లు ఆయన వీపు మీదుంది, కారదు!"

"న్యాయంగానే ఉంది. అభ్యంతరం చెప్పు. ఇది పాత ఇల్లే కాదను."

"గోడ చూస్తారుగా?"

"గోడ మీద ఉంటేగా చూసేది," అన్నాడు లింగరాజు, తోక దులుపుకుంటూ.

పోలమ్మత్త వరి వెన్నులు ఏరడానికి వెళ్లిన సమయం చూసి బొర్రన్న పని మొదలుపెట్టాడు. తాతమ్మ ముద్ర గీకాడు. తన తాతది గీకాడు. నాన్నది గీకాడు. అత్త ముద్ర దగ్గర గోరు ఆగింది. తల్లి పోయాక తనని సాకింది ఆ మేనత్తే. కానీ రెండో గుమ్మం గుర్తొచ్చింది, గోరు కదిలింది. వెన్నుల కుప్ప వెనకున్న గోడని మాత్రం ముట్టుకోలేదు. జాలి వల్ల కాదు, కుప్ప జరపడానికి బద్ధకమేసింది.

అత్త తిరిగొచ్చి గోడ చూసింది. "తిన్నావా?" అని మాత్రం అడిగింది. ఆ పూట బొర్రన్న నిజంగానే తినలేకపోయాడు.

మర్నాడు బొర్రన్న అభ్యంతరం విచారించడానికి తాబేలు తాత పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి చేరుకున్నాడు. ఆయనుండేది పక్క మలుపులోనే. గట్టంతా పోగైంది.

"ఈ ఇంట్లో ఎవరెవరు పుట్టారు బొర్రన్నా?"

"ఎవరూ పుట్టలేదు తాతా. మొన్న మొన్న తవ్వింది."

"మీ నాన్న?"

"ఇక్కడ కాదు."

"మీ అత్త?"

పోలమ్మత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. బొర్రన్న నేల చూశాడు. "ఆవిడా ఇక్కడ పుట్టలేదు."

ఎండ్రకాయ సరిగా వినపడలేదని మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. అత్త కాలవ వైపు తిరిగి నీళ్లు చూస్తూ నిలబడింది.

"గోడ మీద కూడా ఏమీ లేదు. అయితే నీ అభ్యంతరం సరైనదే. జాబితాలోంచి తీసేస్తున్నాను," అన్నాడు తాత.

బొర్రన్న ఊపిరి పీల్చుకునేలోగా లింగరాజు ముందుకాలు గుమ్మంలో పెట్టాడు. "అందరూ చూస్తున్నారుగా? ముద్రల్లేని బొరియ. ముందు దూరింది నేను."

"ఒరేయ్, ఇది మా ఇల్లురా!"

"ఎవరూ పుట్టలేదన్నావుగా. ఎండ్రకాయ కోసం రెండోసారి కూడా అన్నావు."

తాత నిట్టూర్చాడు. "వాడు చెప్పేది కట్టుబాటే బొర్రన్నా."

అప్పుడు పోలమ్మత్త నక్కని తప్పుకోమని లోపలికెళ్లి, ముసలి చేతులతో వెన్నుల కుప్ప పక్కకి లాగింది. వెనక గోడ మీద చిన్న కాలిముద్ర ఒకటి, మూడో వేలు లోపలికి వంకర తిరిగి ఉంది.

"ఇదెవరిది పోలమ్మా?" అన్నాడు తాత.

ఆవిడ చెబితే సరిపోయేది. చెప్పలేదు. మేనల్లుడి వైపు చూసి ఊరుకుంది.

బొర్రన్న పొట్ట కింద దాచుకున్న కాలు మెల్లగా బయటికి తీసి అందరి ముందూ పెట్టాడు. మూడో వేలు వంకర.

"నాదే తాతా. ఇక్కడే పుట్టాను. మా నాన్నా, తాతా, తాతమ్మా ఇక్కడే పుట్టారు. మా అత్తా ఇక్కడే పుట్టింది. గోడ గీకింది నేనే."

గట్టు మీద ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని బొర్రన్నకి అనిపించింది. లింగరాజు మాత్రం కాలు వెనక్కి తీసుకుని, "ఊరికే చల్లగా ఉందేమో చూద్దామని పెట్టాను," అని తుప్పల్లోకి నడిచాడు.

తాత గోడ మీది గీతలు లెక్కపెట్టాడు. "నాలుగు చోట్ల గీకావు. అవి ఎవరెవరివో నువ్వే చెప్పావు. నాలుగు తరాల ఇల్లు. జాబితాలో ఉంటుంది."

"మరి కప్పు కారుతోంది తాతా..."

"కారుతోందని ఒక్కసారి చెప్పావా? చెబితే సభే బాగుచేయించేది. రేపే చేయిస్తాం."

బొర్రన్న గొంతు తగ్గించాడు. "ఆ గీతల మీద కూడా కాస్త మట్టి పూసుకుంటాను తాతా."

"జాబితాకెక్కిన ఇల్లు నాయనా. ఎలా ఉన్న గోడ అలాగే ఉండాలి."

ఇప్పుడు ఆ ఇంటి కప్పు కారడం లేదు. పక్క గట్ల నుంచి కూడా పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తున్నారు. ప్రతి పిల్లా ముందు అడిగేది ఒకటే: "గోడ మీద ఆ గీతలేంటి?" పోలమ్మత్త అప్పుడే వెన్నులు సర్దడానికి వెనక్కి తిరుగుతుంది. చెప్పాల్సింది బొర్రన్నే.

నీతి: పుట్టిన ఇంటిని కాదన్నవాడికి, ఆ ఇల్లు మళ్లీ దక్కినా అందులో తలెత్తుకునే చోటు దక్కదు.