పోలమ్మ తిప్పి పంపిన వాటా

సింహాద్రి మాస్టారిని లెక్క అడిగితే మనిషి పేరు చెబుతారు. అది ఆయన అలవాటు. సముద్రపు ఒడ్డు పల్లెలో ముప్ఫై ఒక్కేళ్లు బడి నడిపి, రిటైరయ్యాక టౌనుకు వచ్చి, పర్యావరణం కోసం తిరిగే మా పదకొండుమందికీ అర్జీలు రాయడం, నాయకులను కలిసి మాట్లాడటం నేర్పుతున్నారు.

ఆవేళ మాలో వినీల ఎమ్మెల్యే ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. బైపాసు కోసం చెట్లు కొట్టొద్దని ఆరువేల రెండువందల నలభై సంతకాలు పట్టుకెళ్తే, పీఏ కట్ట అందుకుని, ముద్ర కొట్టిన రసీదు ఇచ్చి పంపేశాడట.

"మాస్టారూ, మన వెనక ఎంతమంది ఉంటే నాయకుడు కదులుతాడు? నియోజకవర్గంలో మూడు శాతం అని వేసుకున్నాను. తప్పా?"

మాస్టారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "పోలమ్మ అని ఒకామె ఉండేది" అన్నారు.

మాస్టారు బడి నడిపిన దిబ్బలమొగలో పోలమ్మది సముద్రానికి మొదటి వరస ఇల్లు. భర్త పోయాక ఎండుచేపలు అమ్ముకుంటూ ఒక్కతే ఉండేది. ఆయన ఆ బడిలో చేరిన ఏడాది ఆమె గడప నుంచి నీటికి నూట నలభై అంగలు. పాతికేళ్లకు అది ఇరవై రెండు అంగలైంది. తుపాన్లు పెరిగాయి. అలలకు అడ్డుండే ఇసుక దిబ్బను లారీలు ఎత్తుకుపోతున్నాయి. తవ్వకం ఆపించి, దిబ్బ మీద మళ్లీ సరుగుడు నాటించాలని మాస్టారే అర్జీ రాశారు. ఊళ్లో పెద్దవాళ్లు నాలుగువందల ముప్ఫై ఎనిమిదిమంది. అందరూ సంతకమో వేలిముద్రో వేశారు.

ఆ ఊరికో పద్ధతి ఉంది. ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా. బలం లేని ముసలివాళ్లయినా, దారినపోయేవాళ్లయినా సరే, చెయ్యి వేస్తే లాగినట్టే. కాగితం మీద వేలు వేయడమూ అలాంటిదే అనుకున్నారు జనం. మాస్టారు కాదనలేదు. "వేలిముద్ర పడింది కదా, ఇక మీ పని అయిపోయింది" అని ఆయనే అన్నారట.

అప్పటి ఎమ్మెల్యే దగ్గరికి పోలమ్మ ఒక్కతే తిరిగింది. రెండు బస్సులు మారి ఏడుసార్లు వెళ్లింది. "ఏటే పోలమ్మా, ఎలచ్చన్లో నిలబడతావేటి?" అని వలలు బాగుచేసుకునే మగవాళ్లు వెక్కిరించేవారు. "నిలబడతానురా, అందాకా కాళ్ల కింద నేలుంటే" అనేది.

ఏడోసారి ఆయన మెత్తబడ్డాడు. ఆదివారం పది గంటలకు ఇంజనీరును తీసుకుని వస్తానని, ఊరంతా నిలబడి చెబితే కలెక్టరుకు తానే రాస్తానని అన్నాడు. పోలమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పింది. అందరూ వస్తామన్నారు. మనసులో రాకూడదని పెట్టుకున్నవాళ్లు ఒక్కరు కూడా లేరు.

ఆదివారం తొమ్మిదింటికి ఒడ్డు దగ్గరికి నెత్తళ్ల చేపల గుంపు వచ్చింది. నలభై ఒక్క రోజులుగా వల ఖాళీగా తేలుతున్న ఊరు అది. పిల్లాపెద్దా తాళ్ల దగ్గరికి పరిగెత్తారు. అటే వెళ్తున్న మాస్టారిని పోలమ్మ గుమ్మంలోంచి పిలిచింది.

"మాస్టారుబాబూ, మీరైనా ఉండండి."

"వల ఒడ్డెక్కగానే అందర్నీ తీసుకొస్తాను పోలమ్మా. అరగంట, అంతే."

పదీ పదికి కారు ఆగింది. ఎమ్మెల్యే దిగి చూస్తే, అర్జీ నకలు పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. రెండువందల అంగల అవతల జనం కేరింతలు కొడుతూ వల లాగుతున్నారు.

"ఊరేదమ్మా?" అన్నాడాయన.

"వల కాడున్నారు బాబూ. ఒక్క సణం ఉండండి, కేకేత్తాను."

"వద్దులే, వాళ్ల పని చెడగొట్టకు. సముద్రం బాగానే పెడుతోందిగా వాళ్లకి" అని నవ్వి, ఇంజనీరును కారెక్కమన్నాడు. అక్కడ ఉన్నది ఏడు నిమిషాలు.

మధ్యాహ్నం పంపకాలప్పుడు ఎవరో పోలమ్మ పేరెత్తారు. తాడు పట్టకపోయినా ఆమెకూ వాటా తియ్యాలని ఊరంతా ఒక్కమాట మీద నిలిచింది. ఆ బుట్టను మాస్టారే మోసుకెళ్లారు. ఆమె గడప మీద కూర్చుని ఉంది. బుట్ట వైపు చూసింది.

"నాను తాడట్టుకోలేదు గదా బాబూ. కట్టుబాటు కట్టుబాటే. అట్టుకెళ్లిపోండి."

కోపంగా అనలేదని మాస్టారు మాకు రెండుసార్లు చెప్పారు.

ఆ కార్తీకంలో వచ్చిన తుపానుకు మొదటి వరస పోయింది. పందొమ్మిది ఇళ్లు. పోలమ్మను అక్క కూతురు తన ఊరికి తీసుకెళ్లింది. సముద్రం కనబడని, వినబడని ఊరు. మరుసటేడు ఆమె అక్కడే పోయింది.

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. వినీల చేతిలో పెన్ను ఉంది గానీ కాగితం మీద ఏమీ రాయలేదు. "అయితే ఎంతమంది కావాలి మాస్టారూ?" అని ఈసారి మెల్లగా అడిగింది.

"ఇల్లు పడిన పూట వచ్చారమ్మా, నాలుగువందల ముప్ఫై ఏడుమందీ. ఆమె ట్రంకుపెట్టె మొయ్యడానికి. అందరికంటే ముందు చేరింది నేనే."