పాకని పాప, పాకిన వీధి

ఏమిటే, తమ్ముడి మీద అలిగావా? రోజంతా నిద్రపోవడం, లేస్తే ఏడవడం తప్ప వాడికేం చేతకాదంటావా? పుట్టగానే నువ్వేం చేశావేమిటి, వడియాలు పెట్టావా? ఇలా రా, నా పక్కన పడుకో. కాళ్ళు నా మీద వేసుకో, పరవాలేదు. అలాంటి ఏమీ చేతకాని పాప కథే చెబుతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి మరి.

అనగా అనగా, లక్కబొమ్మలు చేసే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో సోమయ్య అని బొమ్మలు చేసే అతను, అతని పెళ్ళాం వరాలు, అతని తల్లి అప్పలనరసమ్మ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. అప్పలనరసమ్మ చేతి పిండివంటలంటే ఆ వీధి వీధంతా చెవి కోసుకునేది.

వాళ్ళింట్లో ఒక పాప పుట్టింది. పార్వతాలు అని పేరు పెట్టుకున్నారు. అచ్చం మీ తమ్ముడిలాగే ఉండేది. పిడికిళ్ళు బిగించుకుని పాలు తాగేది, నిద్రపోయేది. మెడ నిలిచేది కాదు. వెలుగు వైపు చూసేది. వాళ్ళమ్మ గొంతు వినబడితే ఏడుపు ఆపేది. అంతే. కానీ అది ఎప్పుడూ ఒక పని చేస్తూనే ఉండేది తల్లీ. ఏమిటో తెలుసా? పెరగడం. నిద్రలో కూడా ఆ పని మానలేదు.

ఆ వీధిలో ఒక ముచ్చట ఉండేది. పాప కొత్తగా ఏది నేర్చుకున్నా దానికో పిండివంట చేసి పంచాలి. మన ఇళ్ళల్లోనూ ఉందిలే. పాపకి పళ్ళెక్కడివి? పాప పేరు చెప్పి తినేది మనమే.

అప్పుడు ఒకరోజు వరాలు స్నానం చేయించి తల తుడుస్తుంటే, పాప వాళ్ళమ్మ మొహం చూసి నవ్వింది. నిద్రలో వచ్చే ఉత్తుత్తి నవ్వు కాదు, అమ్మని గుర్తుపట్టి నవ్విన నవ్వు. నానమ్మ వెంటనే నువ్వుండలు కట్టింది.

ఆ తర్వాత మెడ నిలిపింది. తన చెయ్యి తనే చూసుకుని ఎవరిదో అనుకుంది. ఇంకొన్నాళ్ళకి బోర్లా పడింది. పడి, మళ్ళీ వెనక్కి తిరగడం రాక కెవ్వుమంది. నానమ్మ బొబ్బట్లు చేసింది.

ఆ తర్వాత వెనకాల దిండు తీసేసినా కూర్చుంది. నానమ్మ కుడుములు వండింది. మూడుసార్లూ వీధంతా వచ్చి తిని, చేతులు కడుక్కుని, "ఇక పాకుండలెప్పుడు పిన్నీ?" అని అడిగి మరీ వెళ్ళింది. పాకుండలంటే పాప పాకినప్పుడు చేసేవి. అడుగులేస్తే అరిసెలు.

చిక్కు అక్కడే వచ్చింది. పార్వతాలు పాకలేదు.

బోర్లా పడుకోబెడితే చటుక్కున లేచి కూర్చునేది. కూర్చునే దేకుతూ సర్రుసర్రుమని ఇల్లంతా చుట్టేసేది. "త్త త్త త్త" అంటూ ఏవో కబుర్లు చెప్పేది. నేల మీద బియ్యపుగింజ కనబడితే రెండువేళ్ళతో పట్టుకుని నోటి దాకా తీసుకెళ్ళేది. కొత్తవాళ్ళొస్తే అమ్మ కొంగులో దూరేది. అన్నీ వచ్చాయి, పాకడం ఒక్కటే రాలేదు.

"పాకకుండా నడిచిన పిల్లని మా ఇంటా వంటా చూడలేదు. వరస తప్పితే అచ్చిరాదు. ముందు పాకుండలు, ఆ తర్వాతే అరిసెలు!" అని తేల్చి చెప్పేసింది అప్పలనరసమ్మ.

చెప్పి ఊరుకుందా? పాప గోడ పట్టుకుని లేవబోతే తను పరుగున వచ్చి కూర్చోబెట్టేది. మంచం కోడు పట్టుకుంటే మేనత్త సూరమ్మ వచ్చి కూర్చోబెట్టేది. నాన్న మోకాలు పట్టుకుంటే సోమయ్య కూడా, వాళ్ళమ్మకి జడిసి, కూర్చోబెట్టేసేవాడు. కూతురు తోసుకుంటూ నడవాలని మూడు చక్రాల బండి చేసి, దానికి ఎర్రలక్క పట్టించి, ఆఖరికి దాన్ని కూడా అటకెక్కించాడు. ఏం మనిషో!

మొదటి పుట్టినరోజు దగ్గరపడింది. వీధిలో గుసగుసలు బయల్దేరాయి. "ఇంకా నిలబడనేలేదట. కాళ్ళల్లో సత్తువ లేదేమోనే," అనుకున్నారు. అవి వరాలు చెవిన పడ్డాయి. అంతే, ముద్ద గొంతు దిగడం మానేసింది. నా బిడ్డ నడవదా అని ఒకటే బెంగ. పాప పాదాలు అరచేతుల్లో పెట్టుకుని చూసుకునేది. ఆ పాదాలేమో అరచేతుల్ని గట్టిగా తన్నేవి.

అప్పుడు వరాలు ధైర్యం చేసి, "అత్తయ్యా, సత్తువ ఉందండీ. ఒక్కసారి లేవనివ్వండి," అంది.

"నిన్నగాక మొన్న తల్లివయ్యావు, నీకేం తెలుసే?" అంది అత్తగారు. వరాలు తల దించుకుంది. మంచిపిల్లే, కాదనను. కానీ మంచితనానికి కూడా ఒక హద్దుండాలి కదా!

అప్పుడు పాపకి పాకడం నేర్పించడం మొదలుపెట్టారు. ముందు ఎదురుగా గిలక్కాయ పెట్టారు. పాప దేకుతూ పోయి తీసుకుంది. ఆ తర్వాత పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తిపట్టుకున్నారు. పాప అది ఉయ్యాల అనుకుని కిలకిల నవ్వింది.

అప్పలనరసమ్మకి పట్టుదల వచ్చింది. "చూపిస్తే గానీ రాదు దీనికి," అని కొంగు దోపింది. దోపి, వాకిట్లో చేతులు నేలకానించి, మోకాళ్ళ మీద తనే పాకింది!

నవ్వకు, నవ్వకు. ముందుంది అసలు సంగతి. తల్లి పాకుతుంటే కొడుకు ఊరుకుంటాడా? సోమయ్యా పాకాడు. సూరమ్మా పాకింది. చోద్యం చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్ళు కడుపు పట్టుకుని నవ్వి, "అలా కాదు పిన్నీ, ఇలా!" అని వాళ్ళూ వంగి పాకారు. ఎదురింటివాళ్ళు వచ్చారు. వాళ్ళూ పాకారు. పాపకి పాకడం రాలేదు గానీ, ఆ పూట వీధి వీధంతటికీ వచ్చేసింది.

పార్వతాలు మధ్యలో కూర్చుని వీళ్ళందరినీ వింతగా చూసింది. ఆ తర్వాత దేకుతూ నానమ్మ దగ్గరికి వచ్చింది. నానమ్మ నడుము సరిగ్గా దానికి అందే ఎత్తులో ఉంది. దాని మీద చెయ్యి వేసింది. రెండో చెయ్యి వేసింది. లేచి నిలబడింది.

నిలబడి చుట్టూ చూసింది. రోజూ కూర్చోబెట్టే చేతులేవి? అన్నీ నేల మీదే ఉన్నాయి.

నానమ్మ వీపు పట్టుకుని పక్కకి ఒక అడుగు వేసింది. నాన్న వీపు అందుకుంది. అక్కణ్ణించి సూరమ్మత్త కొప్పు పట్టుకుంది. అప్పుడే వరాలు నీళ్ళబిందెతో వాకిట్లోకి వచ్చి చూసింది. అప్పలనరసమ్మ, "అయ్యో, పడిపోతుంది!" అని లేవబోతోంది.

వరాలు బిందె దింపేసింది. "ఎవరూ కదలకండి!" అని గట్టిగా అరిచింది. "అత్తయ్యా, మీరూ కదలకండి!"

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వీధంతా ఎక్కడివాళ్ళక్కడ మోకాళ్ళ మీదే ఆగిపోయింది. వరాలు నేల మీద కూర్చుని చేతులు చాపింది. "రా తల్లీ," అంది.

పార్వతాలు అత్త కొప్పు వదిలేసింది. ఊగింది. పొట్ట ముందుకి పెట్టి, చేతులు రెండూ పైకెత్తి, ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. ఆ తర్వాత ఇక ఆగలేదు, తపతపా వచ్చి వాళ్ళమ్మ గుండెల మీద పడింది.

అబ్బ, ఆ సంబరం ఏం చెప్పను! సోమయ్య అటకెక్కి ఎర్రబండి దించాడు. వరాలు ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. అప్పలనరసమ్మ మోకాళ్ళ మీదే ఉండి, రెండు చేతులతో మనవరాలి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. "నువ్వు చెప్పినా విన్నాను కాదే అమ్మాయ్. నా బంగారానికి ఏనుగంత సత్తువ!" అని కోడలితో అందరిముందూ అంది.

ఆ తర్వాత బుగ్గ మీద వేలు పెట్టుకుని, "మరి పాకుండల సంగతో?" అంది.

వరాలు కళ్ళు తుడుచుకుని, "పాకినవాళ్ళకే పెట్టండి అత్తయ్యా. ఇంతమంది పాకారు కదా!" అంది. అందరూ గొల్లుమన్నారు.

అప్పుడు అప్పలనరసమ్మ బియ్యం నానబోసింది. మర్నాడు తడిపిండి కొట్టి బెల్లం పాకం పట్టింది. పాకుండలకీ, అరిసెలకీ పాకం ఒకటేగా! ఇన్నేళ్ళు వండిన మనిషికి ఆ పూటే తట్టిందది. సగం ఉండలు చేసి వీధికి పంచింది. వీధంతా మోకాళ్ళకి నూనె రాసుకుంటూ తింది. మిగతా సగం అరిసెలు వత్తి, నూనెలో వేయించి, చల్లారాక పళ్ళెంలో వరసగా పరిచింది. పార్వతాలు వాళ్ళమ్మ వేలు పట్టుకుని వాటి మీద నడిచింది. ఆ తర్వాత వేలు కూడా వదిలేసి, ఎర్రబండి తోసుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయింది. వెనకాల వీధంతా పరుగు.

అదీ సంగతి. మీ తమ్ముడు పాకుతాడో, దేకుతాడో వాడిష్టం. వాడు లేచి నిలబడ్డ రోజున మాత్రం నువ్వే ఎదురుగా కూర్చుని చేతులు చాపాలి. చాపుతావా? ఊఁ అను. ఏదీ, ఊఁ కొట్టడం ఆపేశావే?

నవ్వితేనే నువ్వుండలు,
బోర్లా పడితే బొబ్బట్లు,
పాకిన వీధికి పాకుండలు,
నడిచిన తల్లికి అరిసెలు.
కథకేమో కాళ్ళొచ్చె, కంచికి నడిచె,
పాపకేమో నిదరొచ్చె, రెప్పలు ముడిచె.