ఆర్పేస్తానన్నవాడు

అనగనగా అనగానే ఊఁ కొట్టాలర్రా! ఊఁ కొట్టనివాళ్లకు సగం కథే.

అనగనగా కొండల నడుమ ఒక రాజ్యం. ఆ కొండల్లో చిరుతపులులు మెండు. అందుకని రాజుగారు దీపాల కొలువు పెట్టించారు. కొలువు వాళ్లు రోజూ వచ్చి ప్రతి గుమ్మంలోని అఖండదీపానికి నూనె పోసి వెళ్లేవారు. వెలుగున్న గడప తొక్కడానికి చిరుతకు జంకు.

అక్కడ బుట్టలల్లే ఓబులమ్మ ఉండేది. ఆమె కూతురు గంగులు పచ్చి బాలింత, పొత్తిళ్లలో అయిదు రోజుల పసికందు. మొన్ననే దీపం లేని దొడ్లోంచి చిరుత మేకపిల్లను ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి ఓబులమ్మకు కంటి మీద కునుకు లేదు.

ఒకనాడు పొద్దు వాలే వేళకు తలపాగావాడొకడు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓబులమ్మంటే నువ్వేనా? దీపాల కొలువు నుంచి వచ్చాను. నీ మీద నూనె బాకీ ఉంది. నీ కూతురి వెండి కడియాలు తీసివ్వు."

"బాకీయా! ఉగాదికే నూనె కింద పాతిక బుట్టలు కొలువుకు అప్పజెప్పాను కదా, నాయనా!"

వాడు రాగిబిళ్ల ఒకటి తళుక్కున చూపించి దాచేశాడు. "ఏ బుట్టలూ ముట్టలేదు. చూశావా, రాజముద్ర! ఇరుగుపొరుగుతో అన్నావో, శిక్ష రెట్టింపు."

ఓబులమ్మకు ముచ్చెమటలు పోశాయి. లోపలికి పరుగెత్తి, కూతురి కడియం ఒకటి ఊడదీసింది. రెండోది రాలేదు. బాలింత కాళ్లు వాచి ఉన్నాయి.

బయట వాడు మూడోసారి గద్దించాడు. "త్వరగా తే! లేదంటే ఈ క్షణమే నీ దీపం ఆర్పేస్తాను!"

ఓబులమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆర్పేస్తాడా? దీపం కొండెక్కిందంటాం గాని, ఆ పాడుమాట మామూలు మనుషులమే అనమే! దీపాన్ని నమ్ముకుని బతికే కొలువువాడి నోట ఎలా వచ్చింది?

అయినా భయం పోలేదు. వాడు అన్నంత పనీ చేస్తే పసిగుడ్డు గతేమిటి? గుండె చిక్కబట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మంచిది, నాయనా. నేనే కొలువుకొచ్చి పెద్దాయన చేతికిచ్చుకుంటాను. పద."

"అక్కడికెందుకు? నాకియ్యి!"

"పదవయ్యా!" అంటూ ఓబులమ్మ ఇరుగుపొరుగును గట్టిగా కేకేసింది.

వాడు కాలికి బుద్ధి చెప్పబోయాడు గాని, పక్కింటివాళ్లు తలపాగా పట్టి లాగారు. వాడి భుజానున్న సంచిలోంచి అయిదు జతల కడియాలు బయటపడ్డాయి. ఆ రాజముద్ర కాస్తా పాత చెంబు ముక్క!

కబురందుకుని కొలువు పెద్ద వచ్చాడు. "వీడెవడో మాకు తెలియదమ్మా. మావాళ్లు గడప దగ్గర నూనె పోస్తారే గాని చెయ్యి చాపరు" అన్నాడు.

ఓబులమ్మ మనవణ్ని గుండెలకు హత్తుకుని దీపం ముందు చతికిలబడింది.

నీతి: భయపెట్టి తొందరపెట్టేవాడి చేతిలో ఏమీ పెట్టకూడదు, వాడు చెప్పిన కొలువుకే మనం వెళ్లి అడగాలి.